మిద్దె మీది సంసారం

2009లో కర్నూలు వాళ్లం ఆగస్టు దాకా వాన కోసం ఏడ్చాం, అక్టోబరులో వానను చూసి ఏడ్చాం. ఆ ఏడు నైరుతి రుతుపవనాలు దేశమంతా మొహం చాటేశాయి. 1972 తర్వాత అంత కరువు వానాకాలం అదేనని పేపర్లు రాశాయి. మా చుట్టుపక్కల పల్లెల్లో వేరుశనగ వేసినవాళ్లు పెట్టుబడి మీద ఆశ వదులుకున్నారు. సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఎక్కిన హెలికాప్టర్ నల్లమలలో కనిపించకుండా పోయింది. మర్నాడు పావురాలగుట్ట మీద ఆనవాళ్లు దొరికాయి. ఊరంతా టీవీల ముందు కూర్చుని ఉంటే, వెతకడానికి వచ్చిన హెలికాప్టర్ల మోత చెవుల్లో అలాగే నిలిచిపోయింది. సరిగ్గా నెల తిరిగేసరికి అదే మోత కోసం మిద్దె మీద నిలబడి ఎదురు చూస్తామని అప్పుడెవరికి తెలుసు?

దసరా వెళ్లిన రెండో రోజు వాన పట్టింది. పడనీ, ఇన్నాళ్లకు పడుతోంది అనుకున్నాం. నిజంగానే సంతోషించాం. అమ్మ వరండాలో కూర్చుని వేడివేడిగా మిరపకాయ బజ్జీలు వేసిపెట్టింది.

మా ఇల్లు వన్‌టౌన్‌లో, హంద్రీ నదికి దగ్గరగా, ఒక ఇరుకు సందులో ఉండేది. కింద రెండు వాటాలు. ఒకదానిలో మేము. రెండోదానిలో దర్జీ పని చేసే అన్న, మేము భాభీ అని పిలిచే ఆయన భార్య, నెల కూడా నిండని వాళ్ల పాప. పైన ఇంటివాళ్లు. పెద్దనాన్న, పెద్దమ్మ అని పిలిచేవాళ్లం. పెద్దనాన్న తల్లిని మాత్రం సందు సందంతా అవ్వ అనే పిలిచేది. ఆమెకు అప్పటికే డెబ్భై దాటాయి. నడుం వంగలేదు, గొంతు తగ్గలేదు.

అక్టోబరు 1 రాత్రి మొదట మురుగు కాలువ వెనక్కి తన్నింది. బయటికి పోవాల్సిన నీళ్లు స్నానాల గది తూములోంచి లోపలికి వచ్చాయి. నేల మీది సామాను మంచాల మీదికి, మంచాల మీదిది అటక మీదికి ఎక్కించాం. ఇంకాసేపటికి అటక కూడా చాలదని తెలిసిపోయింది. మెట్ల మీద నిలబడి బియ్యం డబ్బా, బిందెలు, పరుపులు ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటూ పైకి చేర్చాం. కరెంటు పోయింది. టార్చి వెలుగులో చూస్తే నీళ్లు అప్పటికే కిటికీ చువ్వల దాకా ఉన్నాయి.

ఇదంతా ఎందుకు జరిగిందో మాకు తర్వాత అర్థమైంది. హంద్రీ మా ఊరి దగ్గరే తుంగభద్రలో కలుస్తుంది. తుంగభద్ర నిండుగా ఉంటే హంద్రీకి దారి లేదు. తుంగభద్ర పోయి కృష్ణలో కలవాలి, ఆ నీళ్లు శ్రీశైలం జలాశయంలో చేరాలి. అటు కర్ణాటకలోనూ, ఇటు మా జిల్లాలోనూ ఒకేసారి కుండపోతగా కురిసింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల పైచిలుకు వరద వచ్చింది. ఆ డ్యాం కట్టేటప్పుడు లెక్కలోకి తీసుకున్న పెద్ద వరదే 19 లక్షలు. 885 అడుగుల దగ్గర ఆగాల్సిన నీటిమట్టం 896 అడుగులు దాటింది. ముందు దారి మూసుకుపోయిన నీళ్లు వెనక్కి ఎగదన్నాయి. ఆ వెనక ఉన్నది మా ఊరు.

ఆ రాత్రి అందరూ సామాను మోస్తుంటే మా నాన్న కనిపించలేదు. అమ్మ కేకలు వేసింది. ఆయన మోటారు వైండింగ్ పని చేసేవారు. గొట్టాల సంగతీ నీళ్ల సంగతీ బాగా తెలిసిన మనిషి. అందరికంటే ముందు పైకి వెళ్లి, ట్యాంకు కింద ఉన్న వాల్వు బిగించి దిగి వచ్చారు. "ఇప్పుడు అదా పని?" అని అమ్మ కోప్పడితే ఒక్కటే మాట అన్నారు. "కింద ఏ కొళాయి తెరిచి ఉందో ఎవరు చూశారు? ఒక్కటి తెరిచి ఉన్నా తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ అవుతుంది. మళ్లీ నింపడానికి కరెంటేది?"

ఆ ఒక్క పని మమ్మల్ని కాపాడింది. పక్క సందులో మిద్దెల మీద ఉన్నవాళ్లు మరునాటికే తాగడానికి చుక్క నీళ్లు లేక, వాన జల్లు పడినప్పుడల్లా దుప్పట్లు పరిచి పిండుకున్నారు. చుట్టూ సముద్రమంత నీళ్లు, అందులో ఒక్క గుక్క నోట్లో పోసుకోవడానికి లేదు. కిరోసిన్, మురుగు, చచ్చిన పశువులు అన్నీ కలిసిన నీళ్లు అవి.

అక్టోబరు 2, శుక్రవారం, తెల్లవారి చూసేసరికి సందు లేదు. ఎదురింటి గేటు లేదు, కరెంటు స్తంభం సగమే ఉంది. రేకుల ఇళ్లలో, కొట్టాల్లో ఉండేవాళ్లు రాత్రే గోడలు పట్టుకుని మా మిద్దె మీదికి చేరారు. పాతిక మందిమి ఉంటాం. మా మిద్దె ఒక దీవి అయింది. దూరంగా కొండారెడ్డి బురుజు కనిపించేది. ఆ బురుజును చూసుకునే మేము ఊళ్లోనే ఉన్నామని గుర్తు పెట్టుకున్నాం.

ఇక అవ్వ రాజ్యం మొదలైంది.

ముందు ట్యాంకు మూత తీయించింది. దండెం కర్ర లోపల దించి, తడి ఎంతవరకు అంటిందో చూసి, అక్కడ కత్తిపీటతో గాటు పెట్టించింది. సగం కంటే తక్కువే ఉన్నాయి. కర్రను మెట్ల గదిలో తన పక్కనే పెట్టుకుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దించి చూడడం, కొత్త గాటు పెట్టడం. ఆ గాట్ల మధ్య ఎడం పెరిగితే అందరికీ చీవాట్లు. కొలతకు ఒక టీ గ్లాసు. ముందు పిల్లలు, తర్వాత బాలింత, ఆ తర్వాత ముసలివాళ్లు, ఆడవాళ్లు, చివర మగవాళ్లు. ముసలివాళ్ల వంతు వచ్చినప్పుడు తన గ్లాసు తాను తీసుకుని, మొహమాటం లేకుండా, నిదానంగా తాగేది. ఎవరో "అవ్వా, నీ వంతు పిల్లలకు ఇవ్వకపోతివా" అన్నారు. "నేను పడిపోతే నన్ను మోసేది మీరే గదా. మీకా బరువు ఎందుకు?" అంది. త్యాగం చేయడం సులువు, సరిగ్గా పంచడమే కష్టమని నేను గట్టిగా నమ్ముతాను. ఆ నమ్మకం నాకు పుస్తకాల్లో దొరకలేదు, ఆ టీ గ్లాసు దగ్గర దొరికింది.

పైవాటాలో కూడా చీలమండ లోతు నీళ్లు వచ్చాయి. అంతకు ముందే గ్యాస్ సిలిండరు, పొయ్యి మెట్ల గదిలోకి ఎక్కించాం. పెద్దమ్మ వాళ్ల దగ్గర సోనా మసూరి బస్తా ఉంది. అన్నం వండడానికి కూడా లెక్కే. బియ్యం కడగలేదు. గంజి వార్చలేదు. జావలా కాచి, ఉప్పు వేసి, పిల్లలకు తలా ఒక గరిటె. పెద్దవాళ్లకు బొరుగులు. కర్నూలు ఇంట్లో బొరుగులు లేకుండా ఉంటాయా? మామూలు రోజైతే నీళ్లలో నానబెట్టి, పిండేసి, ఉగ్గాని తిరగమోత వేసేవాళ్లం. నానబెట్టే నీళ్లు లేవు గనక పప్పుల పొడి, ఉల్లిపాయ కలిపి పొడివే తిన్నాం. రంజాన్ అయిపోయి రెండు వారాలు కూడా కాలేదు. భాభీ పెట్టెలో మిగిలిన ఖర్జూరాలు ఉన్నాయి. తలా ఒకటి వచ్చింది. ఆ ఖర్జూరం గింజను నేను ఎంతసేపు చప్పరించానో చెప్పలేను.

పాపకు మాత్రం పాలు చాలలేదు. భయానికో, తిండి లేకో భాభీకి పాలు తగ్గిపోయాయి. రాత్రంతా ఏడ్చి ఏడ్చి ఆ బిడ్డ గొంతు పిల్లికూన గొంతంత అయింది. అమ్మ పిట్టగోడ దగ్గర నిలబడి సందు అవతలి మిద్దె వాళ్లను కేక వేసింది. ఆ ఇంట్లోకి ఒక కుటుంబం కొత్తగా అద్దెకు వచ్చింది. దసరాకు ముందే దిగారనుకుంటాను, ఇంకా పరిచయం కూడా కాలేదు. వాళ్ల దగ్గర పాలపొడి డబ్బా ఉందన్నారు. మరి వచ్చేదెలా? మధ్యలో ఎనిమిది అడుగుల సందు, దాని నిండా సుడి తిరుగుతూ పోయే నీళ్లు.

పెద్దనాన్న వాళ్ల ఇంట్లో పూడ్చేసిన బావి తాలూకు చేదతాడు అటక మీద పడి ఉండేది. సామానుతో పాటు అదీ పైకి వచ్చింది. నాన్న దాని కొసకు ఇనుప ముక్క కట్టి అవతలికి విసిరారు. కొన్నిసార్లు నీళ్లలో పడింది, చివరికి వాళ్ల పిట్టగోడ దాటింది. తాడును ఇటు మా కడ్డీకి, అటు వాళ్ల ట్యాంకు పైపుకు చుట్టి, రెండు కొసలూ కలిపి ముడి వేశారు. ఒక వరుస లాగితే రెండో వరుస నడుస్తుంది. దానికి స్టీలు క్యారియర్ తగిలించారు. మొదటి ప్రయాణంలో పాలపొడి వచ్చింది, ఆవలి ఆమె డబ్బాలో సగం తమ దగ్గర ఉంచుకోకుండా మొత్తం పంపింది. తిరుగు ప్రయాణంలో మేము బొరుగులు పంపాం. ఆ తర్వాత ఆ క్యారియర్‌కు విశ్రాంతి లేదు. బీపీ మాత్రలు, అగ్గిపెట్టె, ఉల్లిపాయలు, పొడి బట్ట, ట్యాంకులోంచి ఒక చెంబు నీళ్లు. వాళ్ల ట్యాంకు ఖాళీ అయిందని తెలిసిన దగ్గర్నుంచి అవ్వ లెక్కలో వాళ్లు కూడా చేరారు. "ఎదురు మిద్దె నలుగురు" అని వేళ్లు మడిచి లెక్కపెట్టి చెంబు నింపించేది. అందుకు మా మిద్దె మీద ఒకరిద్దరు గొణిగారు. అవ్వ వినపడనట్టే ఉండిపోయింది.

రాత్రి వాన తెరిపి ఇచ్చింది. పౌర్ణమి దగ్గరపడిన రోజులు. మబ్బు చీలితే చంద్రుడు నిండుగా కనిపించేవాడు. ఆ వెన్నెల్లో డ్రమ్ములు, తలుపులు, గడ్డివాములు, పైకి తేలిన ఒక గేదె పోతుండేవి. కుక్కలు గోడల మీద నిలబడి మూలిగేవి. పెద్దనాన్న ట్రాన్సిస్టర్‌లో ప్రాంతీయ వార్తలు విన్నాం. మంత్రాలయం మునిగిందనీ, మఠంలో భక్తులు చిక్కుకున్నారనీ చెప్పారు. విన్న ఆడవాళ్లు రాఘవేంద్రస్వామికి చేతులెత్తి మొక్కారు. ఒక మిద్దె నుంచి ఇంకో మిద్దెకు పుకార్లు కూడా కేకల మీద వచ్చేవి. ఎగువన సుంకేసుల బ్యారేజీ కొట్టుకుపోయిందని ఒకరు, శ్రీశైలం డ్యాం తెగిందని ఇంకొకరు. అది విని ఒకాయన "తెగితే తెగనీ, మన నీళ్లన్నా దిగుతాయి" అన్నాడు. అవ్వ లేచి కూర్చుంది. "కింద ఊళ్లు లేవా? వాళ్లకు పిల్లలు లేరా? ఆ మాట వెనక్కి తీసుకో" అంది. ఆయన వెనక్కి తీసుకున్నాడు. అలా అన్నందుకు అతణ్ని నేనిప్పటికీ తప్పు పట్టను. మెడ దాకా నీళ్లలో ఉన్న మనిషి మాట అది. కానీ ఆ రాత్రి కింద ఊళ్ల గురించి తలచుకున్న మనిషి మా మధ్య ఒకరైనా ఉన్నందుకు ఇప్పటికీ ఊరటగా ఉంటుంది. డ్యాం నిలిచింది. ఆ వరద అక్టోబరు 5 నాటికి ప్రకాశం బ్యారేజీ చేరి 11 లక్షల క్యూసెక్కులు దాటింది. శ్రీశైలం డ్యామే తెగి ఉంటే ఏమయ్యేదో ఊహించలేను.

హెలికాప్టర్ల మోత వినపడగానే మొదట ఎవరూ కదల్లేదు. నెల క్రితం జ్ఞాపకం ఒక్కసారిగా అందరి మొహాల్లోకి వచ్చింది. తర్వాత ఎవరో "చెయ్యి ఊపండి" అని అరిచారు. భాభీ ఎర్ర దుపట్టా కర్రకు కట్టి ఊపాం. పోయింది. మళ్లీ వచ్చింది, పోయింది. ఎదురుచూపులో కష్టం అదే. రాకపోతే ఒక రకం, వచ్చి మనల్ని దాటి పోతే ఇంకో రకం. పిల్లలు "మనం కనపడలేదా?" అని అడిగేవాళ్లు. కనపడే ఉంటాం. కింద వేల మిద్దెలు, ప్రతి మిద్దె మీదా ఊపే చేతులే. పైనున్నవాళ్లు ఎవరికని వేస్తారు?

చివరికి పొట్లాలు పడ్డాయి. ఒకటి ట్యాంకు అంచుకు తగిలి పగిలింది. పులిహోర మిద్దె అంతా చిమ్మింది. ఇంకొకటి సందులో పడి, చేతికి అందేటంత దగ్గరగా తేలుతూ పోయింది. రేకుల ఇంటి కుర్రాడు దూకబోతే అవ్వ చొక్కా పట్టుకుని లాగింది. నేల మీద పడిన పులిహోరను పెద్దమ్మ చాటలోకి ఎత్తింది, గింజ గింజ ఏరి. ముద్దలు చేసి పంచితే ఒక్కొక్కరికి నిమ్మకాయంత. పులుపు నాలుకకు తగలగానే అమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ అన్నం ఎవరు వండారో, ఏ ఊళ్లో వండారో, ఎవరు పొట్లం కట్టారో. పసుపు, ఆవాలు, ఎండుమిరపకాయ అన్నీ సరిగ్గా వేశారు, పల్లీలు కూడా. ఆపదలో ఉన్నవాళ్లకు పంపేదే కదా అని తక్కువ చేయలేదు. ఆ సంగతి నాకు బాగా గుర్తు.

మా దగ్గరికి ముందుగా మనిషి వచ్చింది మాత్రం పుట్టిలో. తుంగభద్రలో చేపలు పట్టుకునే ఇద్దరు, గుండ్రటి పుట్టిని గోడ నుంచి గోడకు నెట్టుకుంటూ సందులోకి వచ్చారు. వాళ్లు అడిగింది పొడి అగ్గిపెట్టె. తడిసిన బట్టలతో చలికి వణుకుతున్నారు, బీడీ ముట్టించుకోవాలి. ఒక్కసారికి ఇద్దరినే ఎక్కించుకుంటామన్నారు. ఎవరు వెళ్లాలో అవ్వ అప్పటికే నిర్ణయించి పెట్టుకుంది. భాభీ, పాప. దర్జీ అన్న భార్యాబిడ్డలను ఎక్కించి, పుట్టి మలుపు తిరిగేదాకా పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాడు. వాళ్లను మెరక మీద ఉన్న బి క్యాంపు వైపు చేర్చారు. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఉద్యోగుల కోసం వెలిసినవి ఆ క్యాంపులు. మునిగిన ఊరికి ఆ రోజుల్లో అవే ఆసరా అయ్యాయి.

నీళ్లు వచ్చినంత వేగంగా పోలేదు. పోయాక మిగిలినదాని గురించి ఎక్కువ రాయలేను. మోకాలి లోతు నల్లటి బురద, దాని వాసన, ఉబ్బిన తలుపులు, బీరువా తెరిస్తే పెళ్లినాటి చీరల మీద పాకిన బురద. వన్‌టౌన్ బట్టల అంగళ్ల ముందు మూటలు మూటలు వీధిలో పారబోశారు. నా పదో తరగతి సర్టిఫికెట్‌ను అమ్మ ఇస్త్రీపెట్టె కింద ఆరబెట్టింది. అక్షరాలు నిలిచాయి, ముద్ర పోయింది. ఇతర పట్టణాల నుంచి వచ్చిన పారిశుద్ధ్య కార్మికులు ఆ బురదను ఎత్తిపోశారు. వాళ్లకు ఈ ఊరు సరిగ్గా కృతజ్ఞత చెప్పుకోలేదని నా బాధ. హెలికాప్టర్లను ఫొటోలు తీశారు, పారలు పట్టుకున్నవాళ్లను ఎవరూ తీయలేదు.

సాయం చాలా వచ్చింది. అయితే వచ్చిన సాయమంతా ఒక్కలాంటిది కాదు. ఒక చోట బియ్యం పంచారు, రేషన్ కార్డు చూపమన్నారు. కార్డు నీళ్లలో పోయిందంటే, కార్డు లేదని రాసి ఇమ్మన్నారు. రాయడానికి కాగితం ఎక్కడిది? సరే, బియ్యం వచ్చాయనుకుందాం. పొయ్యి బురదలో ఉంది, గిన్నెలు కొట్టుకుపోయాయి. పచ్చి బియ్యం ఏం చేసుకోవాలి? ఇంకో లారీ మీద నుంచి పాత బట్టలు విసిరారు. చిరిగినవి, బొత్తాలు లేనివి. ఇచ్చేవాళ్ల మనసు మంచిదే. కానీ తీసుకునేవాడి చోట నిలబడి ఒక్క క్షణం ఆలోచించలేదు.

ఆలోచించినవాళ్లూ ఉన్నారు. ఒక సాయంత్రం పత్తికొండ వైపు పల్లె నుంచి ట్రాక్టరు వచ్చింది. తెల్లటి పంచెల్లో మూట కట్టిన జొన్నరొట్టెలు. ఎండబెట్టినంత గట్టిగా కాల్చినవి, నాలుగు రోజులైనా పాడుకావు. వాటితో పాటు వేరుశనగ పొడి, కాయితం పొట్లాల్లో ఉప్పు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, బిందెలతో తాగేనీళ్లు. పొయ్యి అక్కర్లేదు, గిన్నె అక్కర్లేదు. ఆ ఏడు పంట లేని పల్లె అది. ట్రాక్టరు దిగిన పెద్దాయన అవ్వ చేతిలో రొట్టెల మూట పెట్టి, "మా ఇళ్లలో ఆడోళ్లు రాత్రంతా తట్టినారు తల్లీ" అన్నాడు. అవ్వ అక్కడే బురదలో నిలబడి ఒక రొట్టె విరిచి తిని, బాగుందని చెప్పి, మిగతావి సందంతా పంచింది.

ఆ దీపావళికి మా సందులో టపాకాయలు లేవు. ఒక్కో గడప ముందు ఒక్కో ప్రమిద పెట్టారు. పోయినేడు ఏ ఇంట్లో ఎన్ని వరుసల దీపాలుండేవో తెలిసిన వాళ్లం గనక ఎవరి మొహం ఎవరూ చూసుకోలేదు.

తర్వాత ఎవరి దారి వాళ్లదైంది. నాన్న అంగట్లో మోటార్లన్నీ పాడయ్యాయి, కొన్నాళ్లు నంద్యాలలో పని చేశారు. అవ్వ ఇంకో ఐదారేళ్లు బతికి, నిద్రలోనే వెళ్లిపోయింది. పెద్దనాన్న వాళ్లు ఇల్లు అమ్మేశారు. ఎదురు మిద్దె కుటుంబం బురద ఎత్తగానే వెళ్లిపోయింది. బదిలీ అయ్యారని కొందరు, సొంతూరికి పోయారని కొందరు అన్నారు. వాళ్లు సామాను కట్టుకుంటున్న రోజు మేము సందులో లేము. చేదతాడు మాత్రం మా పిట్టగోడ కడ్డీకి జాగ్రత్తగా చుట్టి వెళ్లారు. క్యారియర్ తోమి పెట్టారు.

శ్రీశైలం గేట్లు ఎత్తారని వార్త వచ్చినప్పుడల్లా మేమంతా ఒకరికొకరం ఫోను చేసుకుంటాం. భాభీ, దర్జీ అన్న ఇప్పుడు వెంకటరమణ కాలనీ వైపు ఉంటున్నారు. మొన్న వాళ్లింటికి వెళితే మాటల్లో ఆ పాలపొడి సంగతే వచ్చింది. ఆ ఇంటావిడ పేరు కూడా అడగలేదే అని భాభీ ఇప్పటికీ బాధపడుతుంది. 2009 అక్టోబరులో కర్నూలు వన్‌టౌన్‌లో అద్దెకు ఉండి, తాడు మీద స్టీలు క్యారియర్‌లో పాలపొడి పంపినవాళ్లు మీరే అయితే, ఈ మాట మీకోసం: పాప బాగుంది. ఇంటర్ చదువుతోంది. గణితం అంటే ఇష్టమట. మిమ్మల్ని చూడాలని భాభీ అడుగుతోంది.